డయాలసిస్‌లో వేశారు, నేర్పేవాళ్ళు లేరు. 150 గంటల సర్టిఫికెట్లు మాత్రం ఉన్నాయి

సిక్కోలు_సిస్టర్
నేను జీఎన్ఎం, అంటే డిప్లొమా చేసిన నర్సుని. శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో తొమ్మిదేళ్ళుగా చేస్తున్నాను. ఇన్నాళ్ళూ జనరల్ వార్డే. పోయిన నెల ఒక్క రోజు ముందు చెప్పి డయాలసిస్ యూనిట్‌లో వేశారు. మూడు రోజులు పక్కన నిలబడి చూడమన్నారు. నాలుగో రోజు నుంచి ఆరు మంచాలకు నేనూ, ఒక టెక్నీషియనూ.

ఈ ఏడాది నా రిజిస్ట్రేషన్ రెన్యువల్. 5 ఏళ్ళకు 150 గంటల సీఎన్ఈ, అంటే ఉద్యోగంలో ఉంటూ వినాల్సిన క్లాసులు, చూపించాలి కదా అని ఫైలు తీసి లెక్కపెట్టుకున్నాను. లెక్క సరిపోయింది. కానీ అందులో డయాలసిస్ గురించి ఒక్క కాగితమూ లేదు. చేతులు కడుక్కోవడం మీదే నాలుగు సర్టిఫికెట్లున్నాయి. రెండు చోట్ల సంతకం పెట్టి, భోజనం చేసి మధ్యాహ్నమే బస్సెక్కేశాను. అప్పుడు తప్పనిపించలేదు. ఇప్పుడు ఆ కాగితాలు చూస్తే బాధగా ఉంది.

మొన్న మంగళవారం జరిగింది చెప్తాను. వార్డు నుంచి ఒక పెద్దాయన్ను తెచ్చారు. ఎడమ చేతికి ఫిస్టులా ఉంది, అంటే డయాలసిస్ సూదులు వేయడానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం. రాత్రి వార్డులో కొత్తగా చేరిన అమ్మాయి ఆ చేతికే మానిటర్ బీపీ పట్టీ కట్టింది. గంటగంటకూ అది బిగుస్తూనే ఉంది. నేను చెయ్యి వేసి చూస్తే పిల్లి గురగురలాడినట్టు తగలాల్సిన అదురు లేదు. స్టెత్ పెట్టినా శబ్దం లేదు. ఫిస్టులా మూసుకుపోయింది. డయాలసిస్ కోసం మెడలో క్యాథెటర్ గొట్టం వేయించి, చెయ్యి చూపించుకోమని విశాఖ పంపారు. ఆ అమ్మాయి స్టోర్‌రూమ్‌లో కూర్చుని ఒకటే ఏడుపు. ఆ చేతికి బీపీ చూడకూడదని, రక్తం తీయకూడదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నిజం చెప్పాలంటే అంతకు నెల ముందు నేనైనా అలాగే కట్టేదాన్ని.

ఇల్లు వదిలి, జీతం మానుకుని ఏడాది పాటు ఎక్కడికీ వెళ్ళలేను. చిన్నవాడు రెండో తరగతి. ఇక్కడే ఉండి ఈ పని సరిగ్గా నేర్చుకునే దారి ఎవరికైనా తెలుసా?

నాగావళి_నర్స్
చదువుతుంటే గుండె కలుక్కుమంది అక్కా. నన్నూ ఇలాగే రాత్రికి రాత్రి ఐసీయూలో వేశారు. వెంటిలేటర్ అలారం మోగితే ఏ బటన్ నొక్కాలో చూపించారు. ఎందుకు మోగుతుందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

గజపతినగరం_92
రెన్యువల్‌కి గంటలు సరిపోయాయి కదా, ఇంకా ఎందుకు టెన్షన్? పని పనిలోనే వస్తుంది. నా మాట అడిగితే ఆ 150 గంటలు ఎత్తేస్తేనే మేలు. నెలకొకటి చొప్పున వచ్చే ఆఫ్ రోజులు పోగొట్టుకుని, రిజిస్ట్రేషన్ ఫీజు మనమే కట్టి, విశాఖ వెళ్ళి ఏసీ హాల్లో కూర్చుని రావడం తప్ప అందులో ఏముంది?

పాఠాల_మేడం
గజపతినగరం గారూ, ఎత్తేయమనకండి. ఏడాదికి 30 గంటలంటే నెలకు రెండున్నర గంటలు. ఆ మాత్రం చదువు లేకుండా ఐసీయూలో నిలబడగలమా? 2005లో పాసైన వాళ్ళం గుండె మసాజు ఎలా నేర్చుకున్నాం, ఇప్పుడు ఎలా చెప్తున్నారు? నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతు, 30 నొక్కులకు 2 ఊదులు. అది బొమ్మ మీద చేసి చూసిన వాళ్ళకే చేతికి వస్తుంది. గంటలు పెట్టడం మంచిదే. ఆ గంటల్లో ఏం చేయిస్తున్నారన్నదే గొడవ.

నేను విజయనగరం దగ్గర ఒక నర్సింగ్ కాలేజీలో చెప్తాను. సిక్కోలు సిస్టర్ అడిగినదానికి వస్తాను. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తించిన పోస్ట్ బేసిక్ డిప్లొమాలు ఏడాదివి. క్రిటికల్ కేర్, నియోనేటల్, ఆంకాలజీ, ఆపరేషన్ థియేటర్, ఎమర్జెన్సీ, సైకియాట్రిక్, ఇంకా చాలా ఉన్నాయి. కిడ్నీ రోగుల కోసం రీనల్ నర్సింగ్ కూడా ఉంది. రిజిస్టరైన నర్సు అయి, పని అనుభవం ఉంటే జీఎన్ఎం వాళ్ళూ చేరవచ్చు. ఇవి ఎక్కువ భాగం వార్డులో డ్యూటీ చేస్తూ నేర్చుకునేవి. బీఎస్సీ అయిన వాళ్ళకు నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్ అని రెండేళ్ళ పీజీ కూడా ఉంది.

చిక్కేమిటంటే ఇవన్నీ పెద్ద ఆసుపత్రులున్న ఊళ్ళలో ఉంటాయి. చిన్నపిల్లల తల్లి ఏడాది హాస్టల్లో ఉండాలంటే ఎలా? మా స్టూడెంట్లలో పెళ్ళి కాని వాళ్ళే వెళ్తున్నారు. పదేళ్ళ అనుభవం ఉండి, నిజంగా అవసరమైన వాళ్ళు వెళ్ళలేకపోతున్నారు.

సాలూరు_సిస్టర్
ఇగ్నో పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేయకూడదా? జీఎన్ఎం తర్వాత రెండేళ్ళ అనుభవం ఉంటే చాలు. ఎంట్రన్స్ రాయాలి. కనీసం మూడేళ్ళు పడుతుంది. ఉద్యోగం చేసుకుంటూనే చదవొచ్చు. నేను అలాగే చేస్తున్నాను. విశాఖలో రీజినల్ సెంటర్ ఉంది.

సిక్కోలు_సిస్టర్
@సాలూరు_సిస్టర్ అది డిగ్రీకి మంచిదేనమ్మా, ఎప్పటికైనా చేస్తాను. కానీ రేపు పొద్దున ఏడు గంటలకు వచ్చే పేషెంటుకు నేను నీడిల్ ఎలా వేయాలో అందులో రాదు కదా.

సాలూరు_సిస్టర్
నిజమే. ఒప్పుకుంటాను.

పలాస_టెక్
నేను డయాలసిస్ టెక్నీషియన్‌ని. ఒక మాట అంటే కోపం తెచ్చుకోకండి. మిషన్ మా పని. సిస్టర్లు బీపీ చూసి, మందులిచ్చి, షీటు రాస్తే చాలు. రెండు పడవల మీద కాళ్ళెందుకు? చాలా చోట్ల టెక్నీషియన్‌కి జీతం ఇవ్వలేక సిస్టర్లతోనే మిషన్ నడిపిస్తున్నారు. మీరు నేర్చుకుంటే మేనేజ్‌మెంట్లకు ఇంకా అలుసవుతుంది.

నాగావళి_నర్స్
టెక్ గారూ, మీరు టీ తాగడానికి వెళ్ళిన పది నిమిషాల్లో పేషెంటు బీపీ 80కి పడిపోతే మేం మీకు ఫోన్ చేసి కూర్చోవాలా?

పలాస_టెక్
అలా అనలేదు సిస్టర్.

కొబ్బరితోట_కవిటి
నేను నర్సును కాదు. మా నాన్నకు నాలుగేళ్ళుగా డయాలసిస్. వారానికి మూడుసార్లు. మా ఉద్దానంలో ఇది ఇంటింటి కథ. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, ఎవరింటికి వెళ్ళినా ఒకరైనా ఈ జబ్బుతో ఉంటారు. జీడితోటల్లో, కొబ్బరితోటల్లో కష్టం చేసుకునే వాళ్ళే ఎక్కువ.

పేషెంటు వైపు నుంచి ఒక మాట చెప్పాలనిపించింది. నాన్న వెళ్ళే చోట ఇద్దరు సిస్టర్లు ఉండేవారు. ఒకావిడ రాగానే బరువు చూసి రాసుకుని మిషన్ పెట్టించేవారు. అంతే. ఇంకొకావిడ మంచం పక్కన నిలబడి అడిగేవారు. నిన్న ఎన్ని గ్లాసులు తాగావు నాన్నా, చద్దన్నం నీళ్ళు కూడా తాగావా, ఆయాసం ఉందా, పడుకుంటే దగ్గొస్తోందా అని. కాళ్ళు నొక్కి చూసేవారు. ఆవిడ ఉన్న రోజు నాన్న ఇంటికి నడిచి వచ్చేవాడు. ఆవిడ లేని రోజు చివరి గంటలో కళ్ళు తిరిగి, కాళ్ళు పట్టేసి, ఆటోలో పడుకోబెట్టి తెచ్చుకునేవాళ్ళం. ఆవిడ ఎక్కడ నేర్చుకున్నారో నాకు తెలియదు. మాకు మాత్రం ఆ తేడా ప్రతి వారం కనిపించేది.

నాన్న ఇప్పుడు పలాస కిడ్నీ ఆసుపత్రికి వెళ్తున్నాడు, 2023 డిసెంబరులో మొదలైన 200 పడకలది. ఆసుపత్రి కట్టారు, సంతోషం. దాంట్లో పనిచేసే వాళ్ళకూ, చుట్టూ ఉన్న చిన్న సెంటర్ల వాళ్ళకూ నేర్పే ఏర్పాటు ఉండాలని నా కోరిక. సిక్కోలు సిస్టరమ్మా, మీరు తప్పకుండా నేర్చుకోండి.

సిక్కోలు_సిస్టర్
ఈ పోస్టు ఫోన్‌లో దాచుకున్నాను బాబూ. మీ నాన్నగారిని అడిగానని చెప్పండి.

పలాస_టెక్
కవిటి అన్న రాసింది చదివాక నా మాట సగం వెనక్కి తీసుకుంటున్నాను. ఆ సిస్టర్ అడిగినవన్నీ మిషన్‌లో కనిపించవు. నీరు తీశాక మనిషి ఉండాల్సిన బరువును డ్రై వెయిట్ అంటాం. అది డాక్టరు గారు నెల కింద రాసి ఉంటారు. ఈ నెలలో పేషెంటు సన్నబడ్డాడా, ఒళ్ళు చేశాడా అన్నది రోజూ చూసే మనిషే పట్టుకోవాలి. గంటకు కిలో బరువుకు 13 మిల్లీలీటర్లకు మించి నీరు లాగితే ప్రమాదం. 50 కిలోల మనిషికి నాలుగు గంటల్లో రెండు లీటర్ల 600. పండగ తర్వాత నాలుగు కిలోలు పెరిగి వస్తారు. అంతా ఒకేసారి తీసేయమని ఇంటివాళ్ళు బతిమాలతారు. అప్పుడు సిస్టర్‌కి ఈ లెక్క తెలిసి ఉంటే నాకు తోడు ఒక గొంతు ఉంటుంది.

ఇంకొకటి చెప్తాను, ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. తిత్లీ తుఫాను గుర్తుందా, 2018 అక్టోబరు. పలాస చుట్టుపక్కల చెట్లన్నీ నేల మట్టం, రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడు నేను వేరే చోట చేసేవాణ్ణి. జనరేటర్ మీద నాలుగు మిషన్లు నడుపుతున్నాం. మధ్యలో జనరేటర్ ఆగిపోయింది. పాత మిషన్లు, బ్యాటరీలు ఎప్పుడో చచ్చిపోయాయి. నలుగురి రక్తమూ ట్యూబుల్లో ఉంది. ఆగితే గడ్డకడుతుంది. బ్లడ్ పంప్‌కి చేత్తో తిప్పే పిడి ఒకటి ఉంటుంది. నేను ఒక మిషన్ దగ్గర తిప్పుతున్నాను. మిగతా మూడింటి దగ్గర ఎవరు? ఒక సిస్టర్ పరుగెత్తుకొచ్చి రెండో మిషన్ పిడి అందుకుంది. గాలి బుడగ రాకుండా చూస్తూ, గబగబా కాకుండా ఒకే తీరున తిప్పింది. నేను ఆవిడకు ఎప్పుడూ నేర్పలేదు. మధ్యాహ్నాలు ఖాళీగా ఉన్నప్పుడు నేను చేసేది చూసి నేర్చుకుందట. నా దగ్గరి మిషన్ పని అయ్యాక మూడో మిషన్‌కి నేను వెళ్ళగలిగాను. నాలుగో మిషన్ ట్యూబు గడ్డకట్టింది, అందులోని రక్తం పేషెంటుకు తిరిగి ఇవ్వలేకపోయాం. ఆయన ప్రాణానికి ఏమీ కాలేదు. కానీ అసలే రక్తం లేని మనిషి. పిడి తిప్పడం ఇంకో మనిషికి వచ్చి ఉంటే ఆ ఒక్కటీ కూడా ఆగేది కాదు.

కాబట్టి మిషన్ మా పని అన్న మాట ఇక అనను.

నాగావళి_నర్స్
నేను కూడా టీ మాట వెనక్కి తీసుకుంటున్నాను అన్నా.

బొబ్బిలి_బీఎస్సీ
అసలు స్పెషాలిటీ యూనిట్లలో బీఎస్సీ వాళ్ళనే వేయాలి. జీఎన్ఎం సిలబస్‌లో ఇవి అంత లోతుగా ఉండవు. అక్కడే సమస్య.

సాలూరు_సిస్టర్
మొదలైంది.

నాగావళి_నర్స్
బొబ్బిలి గారూ, మీ నాలుగేళ్ళలో డయాలసిస్ యూనిట్‌లో ఎన్ని రోజులు ఉన్నారు? నిజం చెప్పండి.

బొబ్బిలి_బీఎస్సీ
మూడు రోజులు. సరే. ఆ మాట వదిలేద్దాం.

పెద్ద_సిస్టరమ్మ
నేను రిటైరై ఆరేళ్ళయింది. విశాఖ కేజీహెచ్ పెద్దాసుపత్రిలో ట్రైనింగ్, తర్వాత శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనే 36 ఏళ్ళు సర్వీసు. మా మనవరాలు ఈ చర్చ చూపించింది. టైపు కూడా ఆ పిల్లే చేస్తోంది.

మా రోజుల్లో ఈ గంటల లెక్క లేదు. అలాగని ఆ రోజులే మంచివి అనను, తెలియక చేసిన తప్పులు మాకూ ఉన్నాయి. ఒకటి చెప్తాను. పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్, పది మిల్లీలీటర్లది. సెలైన్‌లో కలిపి మెల్లగా ఎక్కించాల్సినది. నేరుగా నరంలోకి ఇస్తే గుండె ఆగిపోతుంది. చూడటానికి మామూలు నీళ్ళ ఆంప్యూల్ లాగే ఉంటుంది. ఒక రాత్రి నా జూనియర్ యాంటీబయాటిక్ కలపడానికి దాన్ని విరగ్గొట్టింది. నేను పక్కనే ఉండబట్టి చెయ్యి పట్టుకున్నాను. ఆ రోజు ఆ అమ్మాయిని తిట్టలేదు. రెండు ఆంప్యూళ్ళూ ఒకే ట్రేలో పెట్టింది నేనే కదా. మర్నాడే పొటాషియాన్ని వేరే డబ్బాలో పెట్టి, ఎర్ర అట్ట అంటించి, తాళం వేశాను.

ఆ తర్వాత నుంచి ఒక అలవాటు చేసుకున్నాను. పొద్దుట షిఫ్టు మారేటప్పుడు పేషెంట్లను అప్పగించే హ్యాండోవర్ కుర్చీల్లో కూర్చుని కాదు, మంచం మంచం దగ్గరా నిలబడి. అది అయ్యాక పది నిమిషాలు. రోజుకు ఒక మందు, లేకపోతే ఒక మిషన్, లేకపోతే నిన్న జరిగిన ఒక తప్పు. చెప్పేది నేనొక్కదాన్నే కాదు, వంతుల వారీగా అందరూ చెప్పాలి. చెప్పాలంటే ముందు రాత్రి చదవాలి కదా. ఒక నోటుపుస్తకంలో తేదీ వేసి రాయించేదాన్ని. అలా పద్నాలుగు పుస్తకాలయ్యాయి. రిటైరైన రోజు పిల్లలు శాలువా కప్పారు. నేను ఆ పుస్తకాలు వాళ్ళ చేతిలో పెట్టాను.

తల్లీ, నీ యూనిట్‌లో రేపే మొదలుపెట్టు. ఆ ఏడ్చిన అమ్మాయితోనే మొదటి పాఠం చెప్పించు. ఫిస్టులా చెయ్యి గురించి ఆమె కన్నా బాగా ఎవరూ చెప్పలేరు.

పాఠాల_మేడం
మేడం, ఇది చదివి కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ పుస్తకాల ఫొటోలు ఉంటే మా స్టూడెంట్లకు చూపిస్తాను.

పెద్ద_సిస్టరమ్మ
పుస్తకాలు నా దగ్గర లేవమ్మా, వార్డులో ఉన్నాయి. ఉండాలి మరి.

ఎన్ఐసీయూ_విజయనగరం
నేను ప్రభుత్వ సర్వీసులో నవజాత శిశువుల యూనిట్‌లో చేస్తున్నాను. మాకు దొరికిన ట్రైనింగ్ గురించి చెప్తాను, ఎందుకంటే డయాలసిస్‌కీ అలాంటిదే కావాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఫెసిలిటీ బేస్డ్ న్యూబోర్న్ కేర్ అని నాలుగు రోజులు క్లాసు, ఆ తర్వాత రెండు వారాలు పెద్ద యూనిట్‌లో అబ్జర్వర్‌షిప్. ఆ నాలుగు రోజుల్లో విన్నది సగం మర్చిపోయాను. ఆ రెండు వారాల్లో చేసింది ఒక్కటీ మర్చిపోలేదు.

ఉదాహరణకు, 1,600 గ్రాముల బిడ్డ. రాత్రి రెండు గంటలకు చేతులు కాళ్ళు అదురుతున్నాయి. చలేస్తోందేమో అంటోంది వాళ్ళ అమ్మమ్మ. ట్రైనింగ్‌కి ముందైతే నేనూ వార్మర్ వేడి పెంచి ఊరుకునేదాన్ని. వెంటనే మడమ నుంచి చుక్క తీసి షుగర్ చూశాను. 32. 45 కన్నా తక్కువుంటే ఆగకూడదు. డాక్టరుకు ఫోన్ చేస్తూనే 10 శాతం డెక్స్‌ట్రోజ్, కిలోకు 2 మిల్లీలీటర్ల లెక్కన సిద్ధం చేసి పెట్టుకున్నాను. ఆయన వచ్చేసరికి నా చేతిలో సిరంజి ఉంది. అక్కడ నాతో పాటు నిలబడి, పది మంది పిల్లలకు ఇదే పని చేయించిన సిస్టర్ మొహం ఆ క్షణంలో నా కళ్ళ ముందు కనిపించింది.

నన్ను పంపిన రెండు వారాలూ డ్యూటీగా రాశారు. జీతం కట్ కాలేదు. అది చాలా ముఖ్యం.

గజపతినగరం_92
అదీ పాయింటు. ప్రభుత్వంలో డ్యూటీగా రాస్తారు. మా ప్రైవేటు వాళ్ళకు ఎవరు రాస్తారు? నేను 150 గంటలు ఎత్తేయమన్నది చదువంటే ఇష్టం లేక కాదు. ఆ 150 గంటలూ మా నిద్రలోంచి తీస్తున్నారు. నైట్ డ్యూటీ దిగి, స్నానం కూడా చేయకుండా విజయనగరం స్టేషన్‌కి పరుగెత్తి, విశాఖలో క్లాసులో కూర్చుంటే ఏం ఎక్కుతుంది? పక్కన కూర్చున్న సిస్టర్ భుజం మీద నిద్రపోయాను. ఆవిడ కదలకుండా కూర్చుంది పాపం, ఇప్పటికీ మేం మంచి స్నేహితులం.

నర్సింగ్_సూపర్
మీ అందరి కోపం అర్థమైంది. కానీ నా వైపు కూడా వినండి. నేను ఒక 150 పడకల ఆసుపత్రిలో నర్సింగ్ సూపరింటెండెంట్‌ని. పోయిన ఏడాది ముగ్గురిని మా ఖర్చుతో ఐసీయూ ట్రైనింగ్‌కి పంపాం. ఆరు నెలల్లో ముగ్గురూ వెళ్ళిపోయారు. ఇద్దరు హైదరాబాద్, ఒకరు జర్మనీ. మేనేజ్‌మెంట్ ఇప్పుడు నన్ను అడుగుతోంది, మనం నేర్పితే ఎవరికి లాభం అని. నా దగ్గర జవాబు లేదు.

టెక్కలి_టు_జర్మనీ
ఆ జర్మనీ మనిషిలాంటి వాళ్ళలో నేనొకదాన్ని మేడం, మీ దగ్గర చేయలేదు లెండి. జర్మన్ భాష బీ2 స్థాయి దాకా నేర్చుకుని వచ్చాను. ఇక్కడికి వచ్చాక కూడా మన రిజిస్ట్రేషన్‌ని నేరుగా ఒప్పుకోరు, గుర్తింపు కోసం మళ్ళీ నేర్చుకోవాలి. కానీ ఆ నేర్చుకునే సమయాన్ని డ్యూటీగా రాస్తారు. కొత్త వార్డులో వేస్తే కొన్ని వారాలు నాకు తోడుగా ఒక సీనియర్‌ని పెడతారు. తప్పు చేస్తే ఆవిడ పక్కనే ఉంటుంది. నేను ఊరు వదిలింది జీతం కోసమే అని అందరూ అనుకుంటారు. సగం నిజం. మిగతా సగం, రోజూ భయంతో డ్యూటీకి వెళ్ళలేక.

నాగావళి_నర్స్
సూపర్ మేడం, మీరు పంపకపోయినా వెళ్ళేవాళ్ళు వెళ్తారు. పంపని ఆసుపత్రుల్లోంచి ఎవరూ వెళ్ళడం లేదా? మా దగ్గర ఎవరినీ ఎక్కడికీ పంపలేదు, ఏడాదిలో పదకొండు మంది మానేశారు.

పాఠాల_మేడం
సూపర్ గారికి ఇంకో మాట. టీచింగ్ ఆసుపత్రిలో ముగ్గురు పేషెంట్లకు ఒక నర్సు, జనరల్ ఆసుపత్రిలో అయిదుగురికి ఒకరు అని కౌన్సిల్ ప్రమాణం. మన దగ్గర రాత్రి పూట పాతిక మందికి ఒకరు. ఆ ఒక్కరిని ట్రైనింగ్‌కి పంపితే వార్డు ఎవరు చూస్తారు? అందుకే పంపలేకపోతున్నారు. మనుషులు తక్కువైన చోట నేర్పడం ఎప్పుడూ వాయిదా పడుతూనే ఉంటుంది. ఆ సంగతి మీరే మేనేజ్‌మెంట్‌కి చెప్పగలరు, మేం చెప్పలేం.

నర్సింగ్_సూపర్
కాదనలేను. మా దగ్గర ఎన్ఏబీహెచ్ తనిఖీ వస్తోంది, ఆసుపత్రుల నాణ్యతకు గుర్తింపు ఇచ్చేవాళ్ళు. వాళ్ళు స్టాఫ్ ట్రైనింగ్ రికార్డులు అడుగుతారు. ఎప్పుడూ తనిఖీ ముందు వారం కూర్చుని సంతకాలు పెట్టిస్తాం. ఈసారి పెద్ద సిస్టరమ్మ గారి పది నిమిషాల పద్ధతి పెట్టి, ఆ పుస్తకమే రికార్డుగా చూపిస్తాను. మొదటి వారం ఐసీయూలో మొదలుపెడతాను. నిజంగా చేస్తాను.

పెద్ద_సిస్టరమ్మ
డ్యూటీ టైములోనే పెట్టు తల్లీ. డ్యూటీ దిగాక పెడితే ఇంటికెళ్ళే బస్సు మీదే ఉంటుంది వాళ్ళ ధ్యాస.

పలాస_టెక్
సిక్కోలు సిస్టర్, మీరు ఒక పని చేయండి. మీ మేనేజ్‌మెంట్‌ని ఏడాది కోర్సు అడగకండి, రెండు వారాలు అడగండి, ఎన్ఐసీయూ మేడం చెప్పినట్టు. ఎక్కువ మిషన్లు నడిచే యూనిట్‌కి, డ్యూటీ మీద. కాగితం మీద రాసి ఇవ్వండి. ఆ ఫిస్టులా సంగతి కూడా రాయండి, ఎవరి పేరూ లేకుండా. ఏమేం నేర్చుకుని రావాలో కూడా అందులో పెట్టండి. ఫిస్టులా చూడటం, నీడిల్ వేయడం, మెడ క్యాథెటర్ డ్రెస్సింగ్, బీపీ పడిపోతే ఏం చేయాలి, హెపటైటిస్ బీ ఉన్న పేషెంటుకు వేరే మిషన్ ఎందుకు, ఆర్‌ఓ నీళ్ళు చెడితే ఏమవుతుంది, కరెంటు పోతే పిడి ఎలా తిప్పాలి. ఇంతే. ఇవి వస్తే యూనిట్‌లో ధైర్యంగా నిలబడొచ్చు.

ఎన్ఐసీయూ_విజయనగరం
నీడిల్ వేయడం చూసి రావడం కాదు, చేసి రావాలి. కనీసం ఇరవై మందికి వేయనిస్తారా అని ముందే అడుగు. మాకు అలా లెక్కపెట్టి చేయించారు.

సిక్కోలు_సిస్టర్
అందరికీ దండాలు. లెటర్ రాశాను, రేపు ఇస్తాను. చేతులు వణుకుతున్నాయి.

కొబ్బరితోట_కవిటి
వణకొద్దు అక్కా. అవసరమైతే పేషెంట్ల ఇంటివాళ్ళం మేం కూడా సంతకాలు పెట్టి ఇస్తాం.

సిక్కోలు_సిస్టర్
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. పది రోజులకు ఒప్పుకున్నారు. అయిదు రోజులు డ్యూటీ, అయిదు రోజులు నా సెలవు. సగమే దొరికింది, అయినా వెళ్ళాను. చిన్నవాణ్ణి మా అత్తగారు చూసుకున్నారు, రోజూ వీడియో కాల్‌లో ఏడ్చేవాడు.

అక్కడ మొదటి మూడు రోజులు నీడిల్ ముట్టుకోనివ్వలేదు. చెయ్యి పట్టుకుని అదురు ఎక్కడ మొదలై ఎక్కడ తగ్గుతుందో కళ్ళు మూసుకుని చెప్పమన్నారు. నాలుగో రోజు నుంచి వేయించారు. పదిహేడు మందికి వేశాను. రెండుసార్లు తప్పింది. ఒకసారి చెయ్యి ఉబ్బిపోయింది, ఆ అవ్వ నన్ను ఏమీ అనలేదు, తర్వాత కుదురుతుందిలే అంది. పిడి కూడా తిప్పాను టెక్ అన్నా, ఖాళీ మిషన్ మీద.

తిరిగొచ్చాక మా యూనిట్‌లో హ్యాండోవర్ తర్వాత పది నిమిషాలు మొదలుపెట్టాం. మొదటి రోజు ఆ అమ్మాయే చెప్పింది. ఫిస్టులా ఉన్న ప్రతి పేషెంటు మంచం తల దగ్గర ‘ఈ చేతికి బీపీ వద్దు, రక్తం తీయవద్దు’ అని అట్ట మీద రాసి కట్టింది. తన చేతిరాతే. వార్డులో కూడా కట్టి వచ్చింది.

గజపతినగరం_92
చాలా సంతోషం సిస్టర్. ఆ అట్ట ఫొటో పెట్టండి, మా దగ్గర కూడా కడతాం.

పెద్ద_సిస్టరమ్మ
నోటుపుస్తకం కొన్నావా?

సిక్కోలు_సిస్టర్
కొన్నాను మేడం. 200 పేజీలది.

ఒక సందేహం ఉంది. రేపు మొదటి షిఫ్టులో ఒక పేషెంటు వస్తున్నారు. ఫిస్టులా వేసి మూడు నెలలు, ఇప్పటిదాకా మెడ క్యాథెటర్ మీదే. డాక్టరు గారు రేపటి నుంచి ఫిస్టులా వాడమన్నారు. మొదటి నీడిల్ నేనే వేస్తున్నాను. మా స్టోర్‌లో 16 గేజ్, దానికన్నా సన్నటి 17 గేజ్ నీడిళ్ళు రెండూ ఉన్నాయి. డాక్టరు గారిని పొద్దున అడుగుతాను, ఈలోపు మీరేమంటారు టెక్ అన్నా?

పలాస_టెక్
మొదటిసారి 17 గేజే అడగండి. పంప్ వేగం నిమిషానికి 200 మిల్లీలీటర్ల దగ్గర ఉంచి చూడండి, తొందరపడి 300కి వెళ్ళొద్దు. ముందు అదురు చూడండి, శబ్దం వినండి. నీడిల్ వేశాక ఆ చెయ్యి దుప్పటి కింద దాచనివ్వకండి, నాలుగు గంటలూ కంటికి కనిపిస్తూ ఉండాలి. తీశాక పది నిమిషాలు తగ్గకుండా వేలితో నొక్కి పట్టుకోండి, మరీ గట్టిగా కాదు, కింద అదురు తెలుస్తూ ఉండాలి. నేను రేపు ఆరు నుంచి డ్యూటీలోనే ఉంటాను. ఏమైనా డౌటొస్తే ఫోన్ చేయండి.